పంచదార లేని వంటిల్లు

పరితోష్ గుహఠాకుర్తాకు చేపను చూడటం వచ్చు, వండటం రాదు. కలకత్తాలో బేహాలా బజారులోకి అతను సంచి ఊపుకుంటూ వస్తున్నాడంటే చేపలవాళ్ళు నిన్నటి సరుకును తడిగోనె కిందికి ఇంకాస్త లోపలికి తోసేవాళ్ళు. మొప్ప ఎత్తి రంగు చూసేవాడు. పొట్ట నొక్కేవాడు. చేప కంట్లోకి తేరిపార చూసేవాడు. ఆఖరికి, ఎంతైనా ఇది తన తాతల నాటి బరిసాల్ ఏట్లో పుట్టిన చేప కాదు గదా అని ఒక నిట్టూర్పు విడిచి, అప్పుడు కొనేవాడు. తెచ్చి వంటింటి గడప దగ్గర పెట్టడంతో అతని బాధ్యత తీరిపోయేది. గడపకు అవతల ఏం జరుగుతుందో యాభై ఆరేళ్ళ వయసు దాకా అతను కనుక్కోలేదు. మొదట అమ్మ ఉండేది, తరువాత భార్య కేతకి. గంట గడిస్తే పళ్ళెంలో అన్నం, పక్కన గిన్నెలో చేపల ఝోల్, అదే పల్చటి పులుసు, వచ్చేవి. చెట్టుకు కాయ కాసినట్టు అవి వాటంతట అవే వస్తాయనుకున్నాడు పెద్దమనిషి.

ఇప్పుడు కేతకి మంచాన పడింది. కడుపులో గడ్డ తీశారు, ఆపైన మందు ఎక్కిస్తున్నారు. రెండు విడతలు అయ్యాయి, మూడోది సోమవారం. కిందటిసారి డాక్టరు ఆమెను తూకం మీద నిలబెట్టి, అంకె చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంకా తగ్గితే నేను మందు ఎక్కించలేను. ఒళ్ళు తట్టుకోదు. మందు ఆగితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు" అన్నాడు పరితోష్‌ను వరండాలోకి పిలిచి. "ఏదో ఒకటి తినిపించండి. ఇంట్లో అప్పటికప్పుడు వండింది కావాలి, బయటి తిండి పనికిరాదు. మీరు కూడా బజారు గుంపుల్లో తిరిగి జబ్బులు మోసుకురాకండి."

పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరే మనుషులు. ఆపరేషన్ అయ్యాక వంటకు పెట్టుకున్న మాలతి మాసీ కూతురి పురుడికని సుందర్‌బన్ వైపు వాళ్ళ ఊరెళ్ళింది, ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. బీమా ఆఫీసుకు సెలవు పెట్టి, బజారు పోగొట్టుకున్న బజారు రాజు, ఫోను చేతబట్టుకుని వంటింటి గడప దాటాడు.

ఫోనులో సరుకులు తెచ్చిపెట్టే యాప్ ఒకటి ఉంది. ఆఫీసులో కుర్రాళ్ళు అందులో చేపలు కూడా తెప్పించుకుంటుంటే ఇతనే నవ్వేవాడు. మొప్ప చూడకుండా చేప కొనేవాడు మొహం చూడకుండా పెళ్ళి చేసుకునేవాడితో సమానం అనేవాడు. ఇప్పుడు అదే యాప్ తెరిచి, 'రోగులకు పల్చటి చేపల ఝోల్' అని వెతికితే, అది వంట ఎలా చెయ్యాలో చూపించి, "కావలసినవన్నీ బుట్టలో వేయమంటారా?" అని అడిగింది. వేయమన్నాడు. ఈ ప్రపంచంలో అతన్ని ఏం కావాలని అడిగి, అడిగింది పెట్టేది ప్రస్తుతానికి అదొక్కటే.

ఆ వంటకు కావలసిన శింగీ చేప అయిపోయింది, బదులుగా రూయి పంపుతున్నాం అంది యాప్. సరే అన్నాడు. తలుపు దగ్గర సంచి దిగాక చూస్తే ఆరు అరటికాయలు ఒక్కొక్కటీ విడి పొట్లంగా ఆరు పొట్లాలు, తలకాయంత బొప్పాయి, మంచుగడ్డ మీద చేపముక్కలు. మొప్ప లేదు, కన్ను లేదు, తల లేనే లేదు. పొట్లం మీద ఆంధ్ర నుంచి వచ్చిన చేప అని ఉంది. మనవాళ్ళు కొల్లేటిలో అంత శ్రమపడి పెంచి పంపే శీలావతికి, అంటే వాళ్ళ రూయికి, ఆ ఇంట్లో అంతకు ముందు ప్రవేశం లేదు. లారీలో వచ్చే చేపను చేప అనకూడదని పరితోష్ సిద్ధాంతం. సిద్ధాంతాన్ని అటకెక్కించి ముక్కలు కడిగాడు.

పొయ్యి వెలిగించడానికే మూడు అగ్గిపుల్లలయ్యాయి. మూకుట్లో ఆవనూనె పోశాడు. నూనె కాగనివ్వండి అని ఉంది ఫోనులో. ఎంత కాగాలో ఆ రాసినవాడికి తెలుసు, ఇతనికి తెలియదు. అంటుకుంటుందేమోనని భయపడి, వేడెక్కగానే మంట తగ్గించి ముక్కలు వేసేశాడు. పచ్చి ఆవనూనె ఘాటు ఇల్లంతా కమ్ముకుంది. గదిలో కేతకి దగ్గు మొదలుపెట్టింది. దగ్గు వాంతిలోకి దిగింది. పొద్దున తాగిన కాసిని పాలు కూడా పోయాయి.

పరితోష్ బేసిన్ పట్టుకుని ఆమె వీపు నిమిరాడు. చేతికి ఎముకలే తగిలాయి.

"నూనె పొగ రానిచ్చావా?" అంది కేతకి, ఊపిరి అందుకుంటూ.

"పొగ రావాలా?"

"ఆవనూనె పొగ రానివ్వకుండా వండే మగాణ్ణి కలకత్తా అంతా వెతికినా నిన్నే చూస్తాం" అంది ఆమె. నవ్వబోయింది గాని ఓపిక చాలక దిండు మీద వాలింది.

మర్నాడు నూనెను పొగ వచ్చేదాకా కాచాడు. కాచి, తడి ఆరని ముక్కలు అందులో జారవిడిచాడు. నూనె చిటచిటమని ఎగిరి మోచేతి దాకా బొబ్బలెక్కించింది. ముక్కలు మూకుడికి అంటుకుపోయాయి. గరిటెతో గోకితే తోలు ఒకవైపు, కండ ఒకవైపు అయ్యాయి. అయినా నీళ్ళు పోసి, అరటికాయ వేసి, ఝోల్ అనదగ్గదొకటి తయారుచేశాడు. గిన్నె తీసుకెళ్ళి మంచం పక్కన స్టూలు మీద పెట్టాడు.

కేతకి చెంచాతో కలిపి, ఒకటి నోట్లో పెట్టుకుంది. "బాగుంది. అక్కడ పెట్టు, మెల్లగా తింటాను. నువ్వెళ్ళి ఆ చేతికేమైనా రాసుకో."

మందు రాసుకుని వచ్చేసరికి గిన్నె ఖాళీ. పరితోష్ ప్రాణం లేచొచ్చింది. మర్నాడు మళ్ళీ వండాడు, మళ్ళీ ఖాళీ. యాప్ ఎన్ని నక్షత్రాలిస్తారని అడిగితే ఉన్నవన్నీ ఇచ్చేశాడు. కానీ ఆ సాయంత్రం ఆమెను లేపి బాత్రూముకు నడిపిస్తుంటే గాజు ముంజేతి మీదుగా మోచేతి దాకా జారింది. తిన్న మనిషి ఇలా ఎందుకు ఎండిపోతోందో అతనికి అర్థం కాలేదు. మందు పాడు చేస్తోందేమో, లోపల గడ్డ మళ్ళీ లేచిందేమో అని ఏవేవో ఊహించుకుని కుమిలిపోయాడు.

సంగతి శనివారం తెలిసింది. ఆ రోజు తెల్లారినప్పటినుంచీ కుండపోత. వీధిలో మోకాటి లోతు నీళ్ళు. పరితోష్ ఆ రోజు వంట మీద పంతం పట్టాడు. చిన్నప్పుడు జ్వరం వస్తే అమ్మ చేసిపెట్టిన ఝోల్‌ను తలుచుకుంటూ చేశాడు. నూనె పొగ వచ్చాక మంట తగ్గించాడు, ముక్కల తడి తుడిచాడు. నల్లజీలకర్ర చిటపటమన్నాక చీల్చిన పచ్చిమిరపకాయలు వేశాడు. ఉడికాక రుచి చూశాడు. చూసి అక్కడే నిలబడిపోయాడు. అచ్చం అమ్మ చేతి వంట. నలభై ఏళ్ళ కిందటి జ్వరాలన్నీ గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గిన్నె ఇచ్చి, వంటింట్లోకి వెళ్తున్నట్టు వెళ్ళి, ఉప్పు సరిపోయిందో లేదో అడుగుదామని వెనక్కి వచ్చాడు. కేతకి కిటికీ వైపు వంగి ఉంది. చువ్వల అవతల సన్‌షేడ్ మీద, వానకు తడిసిన గోధుమరంగు గండుపిల్లి కూర్చుంది. కేతకి చెంచాతో దానికి చేపముక్క అందిస్తోంది. పిల్లి నున్నగా, గుండ్రంగా, పెళ్ళివారి పిల్లిలా ఉంది.

పరితోష్‌కు కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. నేల మీదే చతికిలబడ్డాడు.

"రోజూ దానికేనా?"

కేతకి చెంచా గిన్నెలో పెట్టేసింది.

"ఎల్లుండి తూస్తారు కేతకీ. తగ్గితే మందు ఆపేస్తారు. నీకు తెలుసు గదా. అయినా పిల్లికి పెడుతున్నావా?" బొబ్బలెక్కిన చెయ్యి చూపించాడు. "నాకు చేతకాదు. నిజమే. నిన్నామొన్నటివి కుక్క కూడా ముట్టదు. కానీ ఇవాళ్టిది బాగా కుదిరింది. ఒట్టు. అచ్చం మా అమ్మ చేతిదే."

"అవును" అంది కేతకి. "వాసన రాగానే తెలిసింది. అచ్చం మీ అమ్మ చేతిదే. అందుకే దిగట్లేదు."

అతను తలెత్తి చూశాడు.

"కొత్తలో మీ ఇంట్లో మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటే మంటకి కళ్ళలో నీళ్ళొచ్చాయి. మీ అమ్మ చూసి, తిను, అలవాటవుతుంది అంది. అలవాటైంది. ఇరవై ఎనిమిదేళ్ళు అదే వండాను, అదే తిన్నాను. బాగానే ఉండేది. ఇప్పుడు ఈ మందు ఎక్కించాక నాలుక ఎదురు తిరిగింది. చిన్నప్పుడు తిన్నది తప్ప ఏదీ లోపలికి రానివ్వటం లేదు. నేనేం చెయ్యను?"

"మరి అడగొచ్చు గదా."

"ఏమని అడగను? ఝోల్‌లో పంచదార వెయ్యమనా? నిన్నా?"

ఆ ఊళ్ళో ఏటికి అటువైపు, తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన బాంగాళ్ళకూ, ఇటువైపు పుట్టిపెరిగిన ఘోటీలకూ మధ్య పంచదార ఒక పాత తగవు. ఘోటీలు పప్పులోనూ పంచదార వేస్తారని బాంగాళ్ళు నవ్వుతారు, వీళ్ళకు మిరపకాయ తప్ప రుచి తెలియదని ఘోటీలు నవ్వుతారు. అందరూ సరదాకే నవ్వుతారు. పరితోష్‌ది బాంగాళ్ ఇల్లు, కేతకిది ఘోటీ ఇల్లు. పరితోష్ పెళ్ళయిన ఏడాది, అల్లుళ్ళకు విందుపెట్టే జమాయి షష్ఠి నాడు, శిబ్‌పూర్‌లో అత్తగారు పొద్దుటినుంచీ వండి వడ్డించినవన్నీ రుచి చూసి, "అమ్మా, భోజనం ఎప్పుడు పెడతారు? ఇప్పటిదాకా మిఠాయిలే గదా తిన్నాను" అన్నాడు. పంక్తి పంక్తంతా పడిపడి నవ్వింది. మరుసటి ఏడు ఆవిడ వంట తను చెయ్యలేదు. అల్లుడి కోసం ఒక బాంగాళ్ వంటమనిషిని పిలిపించింది. పోయేదాకా ప్రతి ఏడూ అంతే. పరితోష్ దాన్ని మర్యాద అనుకుని చాలా సంతోషించాడు. ఆ నవ్విన రోజు నుంచే కేతకి వంటలో పంచదార మానేసిందన్న సంగతి అతను గమనించనే లేదు.

"ఇప్పుడు వేస్తే తింటావా?" అన్నాడు నేల మీద నుంచే.

పిల్లి మ్యావుమంది.

"వింటున్నావా" అంది కేతకి. భర్తను ఆమె ఎప్పుడూ పిలిచే పిలుపు అదే. "ఇప్పుడు కొంచెం ఆకలిగా ఉంది. నాలుగు రోజుల తరవాత ఇదే మొదటిసారి. కాసేపుంటే పోతుంది. చేస్తే ఇప్పుడే చెయ్యి."

పరితోష్ లేచాడు. అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు, కేతకి అన్న నీలోత్పల్ మల్లిక్. ఆ విందు తరువాత బావా బావమరుదుల మధ్య పెళ్ళిళ్ళలో నమస్కారాలు తప్ప మాటలు తక్కువ.

"ఎవరూ, బరిసాల్ జమీందారుగారేనా?" అన్నాడు నీలోత్పల్ ఫోనులో. "ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడయ్యా? వానలో కనపడలేదు."

"దాదా, నన్ను తిట్టేది తరవాత తిడుదురుగాని. అత్తయ్య జ్వరమొస్తే మీకు చేసిపెట్టే ఝోల్ ఉండేదే, అదెలా చెయ్యాలో చెప్పండి."

"నీకెందుకది?"

"నాక్కాదు. కేతకి అదైతే తింటానంటోంది. ఏమీ తినటం లేదు దాదా. అంతా పిల్లికి పెట్టేస్తోంది. ఎల్లుండి తూకం."

నీలోత్పల్ గొంతులో వెటకారం పోయింది.

"నేనే చేయించి తెచ్చేవాణ్ణి. వారం నుంచీ దగ్గు, గుమ్మంలోకి కూడా రాకూడదు. సరే, విను. మిరపకాయ ముట్టుకోకు. అల్లం, జీలకర్ర మెత్తగా నూరు. బంగాళాదుంపను పొడుగ్గా కొయ్యి, బీరకాయ ఉంటే వెయ్యి. చేపను ఎర్రగా వేయించకు, అలా పసుపు పచ్చగానే తీసెయ్యి. అంతా ఉడికి పొయ్యి కట్టేసే ముందు పంచదార. తియ్యగా కాదు, తీపి ఉందా లేదా అని అనుమానం వచ్చేంత. వేస్తావా మరి? మీ వంశం పరువు ఏమైపోవాలి?"

"మునిగిపోనీ దాదా. వీధే మునిగిపోయింది."

బంగాళాదుంప ఉంది, అల్లం ఉంది, నిన్న యాప్ తెచ్చిన చేప ఇంకా రెండు ముక్కలుంది. బీరకాయ లేదు, లేకపోతే పీడా పోయింది. పంచదార డబ్బా కోసం చూశాడు. లేదు. నాలుగేళ్ళ కిందట అతనికి మధుమేహం అని తేలిన రోజే కేతకి పంచదారను ఇంట్లోంచి వెళ్ళగొట్టింది. ఇద్దరి టీలోనూ మానేసింది. తనకు జబ్బు లేదు గదా, తన టీలో ఎందుకు మానేసిందో అదీ అతను ఎన్నడూ అడగలేదు.

యాప్ తెరిచి పంచదార నొక్కాడు. "వర్షం వల్ల మీ ప్రాంతంలో సేవలు తాత్కాలికంగా నిలిపివేశాం. అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ చింతించింది. ఇన్ని రోజులు అడక్కుండానే అరటికాయలు కుమ్మరించిన యాప్, గుప్పెడు పంచదార అడిగితే గొడుగు వేసుకుని ఇంట్లో కూర్చుంది. పై వాటా వాళ్ళు పూరీ యాత్రకు వెళ్ళారు. సందు చివర కొట్టు సగం నీళ్ళలో ఉంది, షట్టరు దించేశారు. ఝోల్ ఉడుకుతోంది. గదిలో ఆకలి ఎంతసేపు నిలబడుతుందో తెలియదు.

పరితోష్ వంటింట్లో ప్రతి డబ్బా తీసి చూశాడు. ఉప్పు, పసుపు, గసగసాలు ఉన్నాయి. బెల్లం ముక్క కూడా లేదు. దగ్గుమందు సీసా తీపిగా ఉంటుంది గదా అని దాని వంక కూడా ఒకసారి చూశాడంటే ఎంత దిక్కుతోచలేదో తెలుస్తుంది. "భగవంతుడా" అన్నాడు. అని, తనే ఉలిక్కిపడ్డాడు. జన్మంతా ఎర్రజెండా పట్టుకున్న మనిషి, ఆ పేరు ఆ ఇంట్లో అతని నోట రావడం అదే మొదలు.

ఆ మాటతోనే గుర్తొచ్చింది. మెట్ల కింద కేతకి ఠాకూర్ గూడు ఉంది. లక్ష్మి పటం, ఇత్తడి గోపాలుడు, పక్కన మూత బిగించిన డబ్బా. పెళ్ళయ్యాక అతను ఆ గూటి ముందు వంగింది లేదు. ఇప్పుడు తల దూలానికి కొట్టుకుంటూ వంగి డబ్బా తెరిచాడు. సగానికి బతాసాలున్నాయి. దేవుడికి రోజూ రెండేసి పెట్టే తెల్లటి పంచదార బిళ్ళలు.

"అప్పుగా అయినా సరే, ఉత్తినే అయినా సరే" అని గోపాలుడితో మొహమాటంగా అని, గుప్పెడు తీసుకుని వంటింట్లోకి పరుగెత్తాడు. అనుమానం వచ్చేంత అంటే ఎన్నో తెలియదు. ఒకటి నలిపి వేశాడు. కలిపి రుచి చూశాడు. మరొకటి వేశాడు. నాలుకకు తీపి తగలగానే మొహం చిట్లించాడు, అప్పుడు సరిపోయిందనుకున్నాడు.

గిన్నె పట్టుకుని గదిలోకి వెళ్ళేటప్పుడు తొందరలో కాస్త ఝోల్ పళ్ళెంలో ఒలికింది. కేతకి కళ్ళు మూసుకుని ఉంది. ఆకలి పోయిందేమో అనుకున్నాడు. ఆవిరి మొహానికి తగలగానే కళ్ళు తెరిచింది. అతను మెత్తగా పిసికిన అన్నంలో ఝోల్ కలిపి, ముల్లు తీసి, చెంచా నోటి దగ్గర పెట్టాడు.

మింగింది. కాసేపు ఆగింది. పరితోష్ బేసిన్ వైపు చెయ్యి చాపాడు.

"అది కాదు. అన్నం" అంది కేతకి.

రెండో చెంచా, మూడోది. నాలుగోదానికి చెంచా అతని చేతిలోంచి తీసుకుంది. మధ్యలో ఒకసారి ఆగి, గిన్నెలోకి చూస్తూ, "అల్లం ఎక్కువేశావు. అమ్మ ఇంత వెయ్యదు" అంది. అని మళ్ళీ తింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మాట్లాడితే ఈ ముద్దలు ఆగిపోతాయేమో అన్నంత భయంగా కూర్చున్నాడు పరితోష్. సోమవారం తూకం ఏం చెబుతుందో తెలియదు. ఆ మాట ఆ క్షణంలో ఎవరూ ఎత్తలేదు.

కిటికీ దగ్గర పిల్లి చువ్వల్లోంచి తల దూర్చి గట్టిగా అరిచింది.

"నీకేం లేదివాళ. పో" అంది కేతకి, దాని వైపు చూడకుండానే.

గిన్నె అడుగున కాస్త మిగిలింది. ఆమె దాన్ని అతని వైపు జరిపింది. "పొద్దుటినుంచీ నువ్వేం తినలేదు."

పరితోష్ తీసుకుని, అన్నంలో కలిపి నోట్లో పెట్టుకున్నాడు. తీపి. చేపలో తీపి. గొంతు దగ్గర అడ్డంపడింది, నీళ్ళు తాగి దించుకున్నాడు. కేతకి దిండుకు ఆనుకుని అతన్నే చూస్తోంది.

"ఎలా ఉంది?"

అబద్ధం చెబుదామనుకున్నాడు. "తియ్యగా ఉంది" అన్నాడు.

"తిను" అంది కేతకి. "అలవాటవుతుంది."